తుప్పు ఎక్కడికి పోతుంది?

ఎవరినైనా చితక్కొడతానని బెదిరించాలంటే మన వైపు "తుప్పు రేగ్గొడతా" అంటారు. తుప్పు తీసే పని ఎంత మొరటుదో ఆ మాటలోనే ఉంది. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే గానీ, దాని అసలు అర్థం నాకు 2024 సెప్టెంబరులో తెలిసొచ్చింది. ఆ నెల ఒకటో తారీకున బుడమేరు వచ్చి సింగ్‌నగర్ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. 1957లో బ్యారేజీ పూర్తయినప్పట్నుంచీ అంత వరద ఎన్నడూ రాలేదు. మా బాబాయి ఇంటి మెట్ల కింద ఆయన పాత చేతక్ స్కూటరు వారం పైగా బురదనీళ్ళలో మునిగి ఉంది. ఆయన పెళ్ళినాటి స్కూటరు అది. నడిపి పదేళ్ళయినా అమ్మనివ్వడు.

నీళ్ళు తీసిన రోజు చూస్తే స్కూటరుకి పెద్దగా తుప్పు లేదు. మట్టి మాత్రం పూత పూసినట్టు పట్టుంది. బతికిపోయిందనుకున్నాం. నాలుగు రోజులు పోయేసరికి రేకు అంచులు, స్టాండు, బోల్టులు అన్నీ ఇటుక రంగులోకి తిరిగాయి. ఆటోనగర్‌లో చూపిస్తే మేస్త్రి నవ్వాడు. "నీళ్ళల్లో ఉన్నన్నాళ్ళు దానికేం కాదండి. పైకి తీశాకే జబ్బు. తడి, గాలి రెండూ కలవాలి."

రసాయనశాస్త్రం చెప్పేదీ అదే. తుప్పు పట్టాలంటే నీరూ కావాలి, ఆక్సిజనూ కావాలి. నిలవ మురుగునీటిలో ఆక్సిజన్ తక్కువ. ఆ నీళ్ళు దిగి, తడి మట్టి అంటిపెట్టుకుని ఉండగా గాలి తగిలితే ఇనుము తినేయబడుతుంది. వరదలో మునిగిన బండిని ముందుగా మంచినీళ్ళతో కడగాలనీ, మట్టి ఎండనివ్వకూడదనీ, ఇంజను స్టార్టు చేసి చూడొద్దనీ మేస్త్రీలు మొత్తుకునేది అందుకే. మేం ఆ మూడిట్లో రెండు తప్పులు చేశాం.

"ఇప్పుడేం చేద్దామండీ? కడగమంటారా, గీకమంటారా, ఉడకబెట్టమంటారా, ఇసుక కొట్టిద్దామా?" అని అడిగాడాయన. నేను అయోమయంగా చూస్తుంటే, ఏది ఎంతవుతుందో, దేనికి ఏది పనికిరాదో వరసగా చెప్పుకుంటూ పోయాడు. నాకు మాత్రం ఆ నాలుగు క్రియాపదాలు బుర్రలో ఉండిపోయాయి. ఇంటికొచ్చాక ఒక్కోదాని వెనకా తవ్వుకుంటూ పోతే అందులో డెల్టా చరిత్ర కొంత, ప్రపంచ చరిత్ర కొంత బయటపడ్డాయి.

ముందు ఇంత ఇనుము ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 1850లలో కృష్ణ మీద ఆనకట్ట కట్టాక కాలవలొచ్చాయి, పంటలొచ్చాయి, చేతిలో నాలుగు డబ్బులొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ డబ్బులో కొంత బస్సుల్లోకీ లారీల్లోకీ వెళ్ళింది. కృష్ణా జిల్లా ప్రైవేటు బస్సుల వాళ్ళు ఎంత గట్టివాళ్ళంటే, 1958లో వాళ్ళ రూట్లని ప్రభుత్వం ఆర్టీసీకి అప్పగించబోతే సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అంటే లా చదివినవాళ్ళు ఇవాళ్టికీ గుర్తుపడతారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తీర్పు చెబితే అది విచారణ ఎలా అవుతుందని కోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. మరుసటి ఏడాది అదే పేరుతో నడిచిన రెండో కేసులో మాత్రం బస్సుల వాళ్ళు ఓడిపోయారు. సహజ న్యాయసూత్రాల మీద దేశమంతా ఉదహరించే తీర్పు మన బస్సు రూట్ల గొడవలోంచి పుట్టిందని నాకు ఎవరూ చెప్పలేదు. రూట్లు పోయినా బళ్ళ మీద మోజు పోలేదు. లారీలు పెరిగాయి. కృష్ణా జిల్లా లారీ ఓనర్స్ అసోసియేషన్ రాష్ట్రం దాటి పేరు తెచ్చుకుంది.

బండి ఉన్నచోట షెడ్డు ఉండాలి కదా. ఊళ్ళో రోడ్ల పక్కన చెట్ల కింద నడుస్తున్న మరమ్మతు పనులన్నిటినీ ఒకచోటికి చేర్చాలన్న ఆలోచనతో 1960లలో జవహర్ ఆటోనగర్ వచ్చింది. 'ఆటోనగర్' అన్న మాట తర్వాత గుంటూరు, విశాఖ, హైదరాబాదులకీ పాకి, ఇప్పుడు తెలుగులో అదొక మామూలు నామవాచకం. బాడీ కట్టేవాళ్ళు, లేత్ పనివాళ్ళు, కమాను కట్టలు కట్టేవాళ్ళు, టింకరింగు వాళ్ళు, పాత బళ్ళని విప్పి సామాను అమ్మేవాళ్ళు, అందరూ అక్కడే. విప్పేవాడి దగ్గర ప్రతి వస్తువుకీ ఒకటే ప్రశ్న: ఇది తుప్పా, తుక్కా? తుప్పు అయితే తీస్తే పోతుంది, వస్తువు మళ్ళీ అమ్ముడవుతుంది. తుక్కు అయితే కేజీల లెక్కన పోవాల్సిందే. శుభ్రం చేసే పద్ధతి ఎంత చవగ్గా ఉంటే అంత ఎక్కువ సామాను తుక్కులోంచి బయటపడుతుంది. ఆటోనగర్ బతుకు సగం ఈ లెక్క మీదే నడిచింది.

మన భాషలో మురికికి చాలా పేర్లున్నాయి. ఇనుముకి పట్టేది తుప్పు. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. నూనె పట్టి దుమ్ము పేరుకుంటే జిడ్డు. అడుగున దిగేది మడ్డి. వంటింట్లో ఒక్కోదానికీ ఒక్కో మందు: ఇత్తడి బిందెకి చింతపండు, జిడ్డు మూకుడికి బూడిద. బట్టల జిడ్డుకి చౌడు మన్ను వాడేవారు. అంటే చిలుముకి పులుపు, జిడ్డుకి క్షారం. షెడ్డులో జరిగేది కూడా ఇంతే. అక్కడ చింతపండుకి బదులు యాసిడ్, చౌడుకి బదులు కాస్టిక్ సోడా. ఈ తేడా తెలియనివాళ్ళు తుప్పుని డీజిల్‌తో కడిగి పోలేదంటారు, గ్రీజుని యాసిడ్‌లో ముంచి పోలేదంటారు. నేనూ అంటాను, లేదా మొన్నటిదాకా అన్నాను.

కడగడం గురించి ముందు. కిరోసిన్, డీజిల్, పెట్రోలు. గ్రీజుని కరిగించడానికి వీటిని మించిన సుళువు లేదు. రేషను షాపు నీలం కిరోసిన్ ఎన్ని స్టవ్వులు వెలిగించిందో ఎన్ని బేరింగులు కడిగిందో ఎవరూ లెక్క కట్టలేదు. పళ్ళెంలో కిరోసిన్ పోసి, చేతికింద కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఒక బ్రష్షు, బనియన్ వేస్టు ఇచ్చేవాళ్ళు. పని నేర్చుకోవడం అక్కడ మొదలయ్యేది. ఏడాది పాటు కడిగితే ఏ వస్తువు ఎక్కడ కూర్చుంటుందో చేతికి తెలుస్తుందని వాళ్ళ లెక్క. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ కుర్రాడి వయసు పదో పన్నెండో. బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది. ఆటోమొబైల్ వర్క్‌షాపులూ గ్యారేజీలూ ప్రమాదకరమైన పనుల జాబితాలోకి ఆ తర్వాత చేరాయి. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ వృత్తిలోనూ పెట్టుకోకూడదన్న సవరణకి 2016 దాకా ఆగాల్సొచ్చింది.

పెట్రోలు కథ ఇంకా అన్యాయం. కార్బురేటర్ జెట్లు, ప్లగ్గులు పెట్రోలుతో కడిగేవాళ్ళు, తొందరగా ఆరిపోతుంది కాబట్టి. అయిపోయాక అదే పెట్రోలుతో చేతులు కడుక్కునేవాళ్ళు. ఇంజను కొట్టుకోకుండా ఉండడానికి 1923లో అమెరికాలో పెట్రోలులో సీసం కలపడం మొదలుపెట్టారు. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరి 1న. ఆ టెట్రా ఇథైల్ లెడ్ అనే పదార్థం ఊపిరి లోంచే కాదు, చర్మం లోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. ముప్ఫై నలభై ఏళ్ళు ఆ పెట్రోలులో చేతులు పెట్టినవాళ్ళ రక్తంలో ఎంత సీసం చేరిందో అప్పట్లో ఎవరు చూశారు?

ఇక్కడే నాకు అసలు విషయం తట్టింది. పద్ధతుల్ని పోల్చేటప్పుడు మనం ఎంతసేపూ ఇనుము వైపే చూస్తాం. ఏది ఎంత మెరిపించింది, ఎంత టైం పట్టింది, ఎంత ఖర్చయింది. కానీ మురికి మాయమవదు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్తుంది, అంతే. కిరోసిన్ కడుగుడులో అది కుర్రాడి చేతుల్లోకి వెళ్ళింది. మిగతావాటిల్లో ఎక్కడికి వెళ్ళిందో చూద్దాం.

ఉడకబెట్టడం రైల్వే వాళ్ళ విద్య. రైల్వే వర్క్‌షాపుల్లో బాష్ ట్యాంకు అని ఉంటుంది: కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళ తొట్టి. బోగీ భాగాల్ని అందులో దింపితే ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజు విడిపోతుంది. లారీ ఇంజను షెడ్లలో కూడా పోత ఇనుము బ్లాకుల్ని ఇలా ఉడకబెట్టడం మామూలు. అంబాసిడర్ ఇంజను బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఎంతసేపు ఉడికించినా ఏమీ కాదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చింది. దాని హెడ్డు అల్యూమినియం. అల్యూమినియాన్ని కాస్టిక్‌లో వేస్తే సోడా కొట్టినట్టు నురగలు కక్కుతూ కరిగిపోతుంది, హైడ్రోజన్ వస్తుంది. ఒక తరం నేర్చుకున్న పద్ధతి తర్వాతి తరం బండిని మింగేస్తుందన్నమాట. మా మేస్త్రి కూడా కొత్తలో ఒక పిస్టన్ సెట్టుని ఇలాగే పోగొట్టానని చెప్పాడు. "పొద్దున చూస్తే సగం లేదండి" అన్నాడు, ఇప్పటికీ ఆశ్చర్యం పోనట్టు.

యాసిడ్ అంటే మనకి బాత్రూము యాసిడ్, హైడ్రోక్లోరిక్. తుప్పుని నిమిషాల్లో తినేస్తుంది. ఆపకపోతే ఇనుముని కూడా. దానికి ఇంకో గుణం ఉంది, కంటికి కనపడదు. 1875లో డబ్ల్యూ. హెచ్. జాన్సన్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీకి ఒక విచిత్రం రాసి పంపాడు: గట్టి ఇనప తీగని కాసేపు యాసిడ్‌లో ఉంచి తీస్తే, వంచగానే విరిగిపోతోంది, విరిగిన చోట తడిపితే బుడగలొస్తున్నాయి. యాసిడ్ చర్యలో పుట్టిన హైడ్రోజన్ లోహంలోకి దూరి దాన్ని పెళుసు చేస్తుందని అలా తెలిసింది. గట్టిగా చేసిన ఉక్కుకి ఈ ప్రమాదం ఎక్కువ. కమాను కట్టల్నీ, స్ప్రింగుల్నీ, గట్టి బోల్టుల్నీ యాసిడ్‌లో ముంచకూడదనేది అందుకే. మెరిసిపోతూ బయటికొస్తాయి, లోడు పడ్డాక విరుగుతాయి. బందరు రోడ్డు మీద చక్రం ఊడిన లారీని చూస్తే ఇప్పుడు నాకు జాన్సన్ గుర్తొస్తున్నాడు.

ఇక ఇసుక. గీకడం గురించి చెప్పేదేం లేదు. ఉప్పు కాగితం, వాటర్ పేపరు, వైరు బ్రష్షు, ఓపిక. గీకలేని మూలలకి ఇసుక కావాలి. గాలి ఒత్తిడితో ఇసుకని కొట్టి శుభ్రం చేసే పద్ధతికి 1870లో పేటెంటు తీసుకున్నవాడు బెంజమిన్ చూ టిల్గ్‌మన్, ఫిలడెల్ఫియా మనిషి, అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన అధికారి. ఎడారిలో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కిటికీ అద్దాల్ని మసకబార్చడం చూసి ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. పని విషయంలో దీనికి సాటి లేదు. పాత రంగు, తుప్పు, పుట్టీ అన్నీ ఊడి, బూడిద రంగు పచ్చి ఇనుము కనపడుతుంది. రెడాక్సైడ్ దాని మీద పట్టినట్టు ఇంకెక్కడా పట్టదు. డ్యాము గేట్లకీ వంతెన గర్డర్లకీ ఇదే చేస్తారు.

కానీ నది ఇసుకలో ఎక్కువభాగం క్వార్ట్‌జ్. ఇనుముకి తగిలి పగిలినప్పుడు కంటికి కనపడనంత సన్నటి ధూళి అవుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన ఆ ధూళి ఇక బయటికి రాదు. సిలికోసిస్. దానికి మందు లేదు. బ్రిటన్ 1949లో చేసిన నిబంధనలతో ఈ పనికి ఇసుక వాడడాన్ని ఆపేసింది. ఇది పాత ఫౌండ్రీల గొడవ అనుకుని తీసిపారేయకండి. మనం డబ్బులిచ్చి కొనుక్కునే వెలిసిపోయిన జీన్సు ప్యాంట్లని కూడా ఇదే పద్ధతిలో వెలిసేట్టు చేసేవాళ్ళు. టర్కీలో ఆ పని చేసిన కుర్రాళ్ళు ఇరవైల్లోనే ఊపిరాడక చనిపోతుంటే, 2009లో ఆ దేశం డెనిమ్ మీద ఇసుక కొట్టడాన్ని నిషేధించింది. లారీ ఛాసిస్‌కి తుప్పు తీసే యంత్రమూ, కొత్త ప్యాంటుని పాతది చేసే యంత్రమూ ఒకటే. మొదటి పనికి కనీసం ఒక అవసరం ఉంది.

కాబట్టి తర్వాత వచ్చిన పద్ధతులు కాస్త మెత్తగా ఉన్నాయంటే అది ఊరికే కాదు. 1906లో బర్మింగ్‌హామ్‌లో థామస్ వాట్స్ కోస్లెట్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఇనుము మీద పూత తెప్పించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఈ ఆమ్లం తుప్పుని కరిగించి ఊరుకోదు. మిగిలిన ఇనుము మీద ఫాస్ఫేటు పొరని కట్టి పోతుంది. ఇవాళ దుకాణాల్లో 'రస్ట్ కన్వర్టర్' అని అమ్మేవాటిల్లో చాలావాటికి మూలం ఇదే. ఢిల్లీ ఇనప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా నిలబడి ఉండటానికి కారణం, ఆనాటి ఇనుములో ఎక్కువగా ఉండిపోయిన భాస్వరం వల్ల ఏర్పడ్డ ఫాస్ఫేటు పొరేనని ఐఐటీ కాన్పూర్‌కి చెందిన లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం చూపించాడు. కోలా డ్రింకుల్లో కూడా ఇదే ఆమ్లం కొంచెం ఉంటుంది. బోల్టుల్ని థమ్సప్‌లో నానబెడితే తుప్పు పోతుందా అని నన్నడిగిన ఫ్రెండ్స్ ఇద్దరున్నారు. పోతుంది, మెల్లగా, చాలా ఖరీదుగా, జిగురు జిగురుగా. బెజవాడ వేసవిలో థమ్సప్‌ని బోల్టులకి పోయడం నేను ఒప్పుకోను.

థమ్సప్ పుట్టింది 1977లో. అదే ఏడాది నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయిన చోట ఇనుము గురించి మాట్లాడడం సబబు కాదేమో. కానీ సముద్రం వచ్చి వెళ్ళిన ఊళ్ళలో మిగిలిన పంపుసెట్లు, నాగళ్ళు, సైకిళ్ళే బతికినవాళ్ళ ఆస్తి. ఉప్పునీటి తుప్పుకి ఒక మొండి లక్షణం ఉంది. పైది ఎంత గీకినా, గుంటల అడుగున క్లోరైడ్లు దాక్కుని ఉంటాయి. గాలిలో తేమ తగిలితే చాలు, రంగు కిందనుంచి మళ్ళీ పొంగుతుంది. సముద్రంలోంచి తీసిన ఫిరంగుల్ని మ్యూజియం వాళ్ళు నెలల తరబడి, ఏళ్ళ తరబడి కరెంటు పెట్టి నానబెట్టేది ఆ క్లోరైడ్ల కోసమే. అదే పద్ధతిని ఇంట్లో బకెట్‌లో చేసుకోవచ్చు: బట్టల సోడా కలిపిన నీళ్ళు, బ్యాటరీ చార్జరు. తుప్పు పట్టిన వస్తువుకి నెగటివ్, పారేసే ఇనప ముక్కకి పాజిటివ్. మంచి ఇనుముని ముట్టదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె పెడితే మాత్రం విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. సోడాకి బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఈ రెండు తప్పులూ చేసే అవకాశం నాలాంటివాడికి పుష్కలం కాబట్టి ఆ జోలికి పోలేదు.

ఆస్ట్రేలియాలో పాత కార్లు బాగుచేసేవాళ్ళకి మొలాసిస్ ఇష్టం. ఒక పాలు మొలాసిస్, తొమ్మిది పదిపాళ్ళ నీళ్ళు, రెండు వారాలు. కంపు కొడుతుంది గానీ తుప్పుని ఇనుము నుంచి మెల్లగా విడదీస్తుంది. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ఉన్న జిల్లాలో ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదా అనుకున్నాను. అక్కడ అది పశువుల దాణా, ఏ కొట్లోనైనా దొరుకుతుంది. మన దగ్గర స్పిరిటుకి ముడిసరుకు, ఎక్సైజు వాళ్ళ కన్ను దాని మీదుంటుంది. నల్లబెల్లం కొన్నా సారా కాస్తావా అని అడిగే చోట మొలాసిస్ డ్రమ్ము ఎవడు తెచ్చుకుంటాడు?

చివరికి నేను తెచ్చింది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో. ఒకప్పుడు సిట్రిక్ యాసిడ్ అంటే ఇటలీ నిమ్మకాయలే. 1917లో జేమ్స్ కరీ అనే ఆయన చక్కెర మీద ఒక నల్ల బూజుని పెంచి అంతకంటే చవగ్గా తీయొచ్చని చూపించాక అది ఇలా పొట్లాల్లోకి వచ్చింది. పది లీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో అర కేజీ కలిపి, స్కూటరు స్టాండూ, స్టాండు స్ప్రింగూ, దొరికిన బోల్టులన్నీ అందులో వేశాను. అంతకుముందే జిడ్డుని సబ్బునీళ్ళతో వదిలించాను. ఆ మాత్రం నేర్చుకున్నాను. మర్నాడు సాయంత్రం వచ్చిన మేస్త్రి బకెట్లో చెయ్యి పెట్టి కెలికి, ముందు స్ప్రింగుని తీసి పక్కన పెట్టాడు.

"దీన్నెందుకేశారు బాబూ? సాగేదానికి పులుపు పనికిరాదు." జాన్సన్ పేరు ఆయనకి తెలియదు. ఆయన గురువు చెప్పిందట. గురువుకి ఎవరు చెప్పారో.

స్టాండు మాత్రం బాగా వచ్చింది. నల్లటి పొర తోమితే ఊడిపోయి కింద బూడిద రంగు ఇనుము. సోడా నీళ్ళలో ముంచి, కడిగి, ఫోటో తీద్దామని లోపలికెళ్ళి ఫోను తెచ్చేలోపు దాని మీద పసుపు పచ్చ జీర మొదలైంది. పది నిమిషాలు కూడా కాలేదు. మేస్త్రి నా వంక జాలిగా చూసి, గుడ్డతో తుడిచి, డబ్బాలోంచి పాత ఇంజనాయిలు బొటనవేలికి అద్దుకుని స్టాండు పొడవునా రాశాడు. ఆ వేలి చర్మం నెర్రెలు విచ్చి, గీతల్లో నలుపు ఉండిపోయింది. ఎన్ని సబ్బులు వాడినా పోదట.

బకెట్లో నీళ్ళు ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసినట్టున్నాయి. ఎక్కడ పోయాలో కాసేపు తెలియలేదు. బాబాయి ఇంటి ముందు సైడు కాలవలోనే పోశాను. అది బుడమేరులో కలుస్తుంది, బుడమేరు కొల్లేరులో.